‘అకిర’ నామవిచారము: గోపన్‌పల్లిలో ఒక జపాను పేరు

గోపన్‌పల్లి శేరిలింగంపల్లి మండలములోనిది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు పొరుగూరు. 1974లో ఆ విశ్వవిద్యాలయము స్థాపితమైన నాటికి అది రాతిగుట్టల నడుమ నుండిన పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప సాంకేతికవృత్తులవారి కార్యాలయములును నివాసములును క్రమముగా ఈ దిక్కునకు వ్యాపించెను. నేడు ఆ యూర నెత్తైన భవనములు లేచినవి; నానాప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు వానియందు కాపుర మున్నవి. ఊరి పేరులోని ‘పల్లి’ మన ప్రాఁతమాటయే. ఆ యూరిబిడ్డల పేర్లలో మాత్రము క్రొత్తమాటలు వినవచ్చుచున్నవి. అట్టి మాటలలో నొకదానిని గూర్చి విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విచారణకు కారణమైన సంగతిని ముందుగా మనవి చేయుదుము. కొంతకాలము క్రిందట గోపన్‌పల్లిలో నొక బారసాలకు మేము వెళ్లితిమి. శిశువు ఆఁడుబిడ్డ, పుట్టినది కృత్తికానక్షత్రము మొదటిపాదమున. ఆ పాదమునకు చెప్పఁబడిన అక్షరము అకారము గనుక తలిదండ్రులు ‘అకిరా’ అను పేరు నిశ్చయించియుండిరి. పళ్లెరములో బియ్యము పోసి, ఉంగరముతో పేరు వ్రాయఁబోవుచుండఁగా శిశువు తాతగారు కుమారుని చేయి పట్టుకొనిరి. ఆయన కృష్ణాజిల్లాలో చిరకాలము తెలుఁగుపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. “ఇది ఏ భాషమాటరా? అర్థం చెప్పి అప్పుడు రాయి” అని వారనిరి. “సంస్కృతమే నాన్నగారూ. సుకుమారమైన బలం అని అర్థమట” అని కుమారుఁడు బదులు చెప్పెను. పంతులుగారు మావైపు తిరిగి, “ఏమండీ, ఇది ఏ నిఘంటువులో ఉందో మీరైనా చెప్పండి” అనిరి. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. “ఈ వేళ అంకం పేరు రాయండి, అసలు పేరు అర్థం తెలిసిన తరవాత పెట్టుకుందురుగాని” అని పంతులుగారు తీర్పు చెప్పిరి. శిశువునకు జన్మపత్రమున పేరు చేర్పింపవలసిన గడువు ఇంకను మిగిలియున్నందున తలిదండ్రులును సమ్మతించిరి.

తెలుఁగుశాఖలలో పనిచేయు వారికెల్లరకు ఇట్టి ప్రశ్నలు తఱచుగా ఎదురగుచునే యున్నవి. బిడ్డ పేరునకు అర్థ మడుగ వచ్చినవారికి తోఁచినది చెప్పి పంపుట సులభము. కాని ఆ చెప్పిన యర్థమును ఆ బిడ్డ జీవితాంతము పదిమందికి చెప్పుకొనుచుండును. కావున సమాధానమును సాధారముగా చెప్పుట మన విధి.

1. పదస్వరూపము

‘అకిర’ జపానుభాషాపదము. ఆ భాషలో ‘అకిరక’ అనఁగా స్పష్టమైనది, విశదమైనది అని యర్థము. ఇందలి ‘క’ విశేషణముల చివర చేరు ప్రత్యయము. దానిని తీసివేయఁగా మిగులునది ‘అకిర’. దీనికి మూలమైన ‘అక’ అను ధాతుభాగమునుండి ఆ భాషలో పెక్కుమాటలు పుట్టినవి. ‘అకరుఇ’ అనఁగా వెలుఁగుగలది. ‘అకెరు’ అనఁగా తెల్లవాఱుట. ‘అకఇ’ అనఁగా ఎఱ్ఱనిది. వెలుఁగు, ఉదయము, ఎఱుపు, స్పష్టత అను నాలుగు భావములును ఒక్క మూలమునుండి కొమ్మలు వేసినవన్నమాట. దీనికి ప్రతిపక్షముగా ‘కురొ’ అనఁగా నలుపు, ‘కురఇ’ అనఁగా చీఁకటిగలది, ‘కురెరు’ అనఁగా ప్రొద్దు గ్రుంకుట.

ఇట్టి భావవికాసము తెలుఁగువారికి క్రొత్తది కాదు. మన ‘తెల్ల’ శబ్దమును చూడుఁడు. తెల్లన, తెలుపు అనునవి వర్ణవాచకములు, తెల్లవాఱుట ఉదయము, తెలియుట, తెలివి అనునవి జ్ఞానవాచకములు, ‘తెల్లము’ అనఁగా స్పష్టము. ‘తెలుపు’ అను నొక్కమాటయే నామమైనపుడు వర్ణమును, క్రియయైనపుడు ఎఱిఁగించుటను చెప్పుచున్నది. జపానువారు వెలుఁగునుండి ఎఱుపునకు పోయిరి; మనము తెలుపునకు వచ్చితిమి. తెల్లవాఱుటకును తెల్లమగుటకును గల చుట్టఱికమును మాత్రము ఇరువురును ఒకే తీరున గుర్తించిరి. కావున ‘అకిర’ శబ్దమునకు తెలుఁగున సరియైన మాట ‘తెల్లము’, సంస్కృతమున ‘ప్రకాశము’. ప్రకాశశబ్దమునకును వెలుఁగు, బహిరంగమైనది అను రెండర్థములు గలవుగదా.

ఈ పోలికను చూచి రెండుభాషలకును జన్మసంబంధము గలదని తలంపరాదు. జపానుభాషకును తమిళమునకును సంబంధము గలదని ఒనొ సుసుము అను జపాను పండితుఁడు వాదించెను. భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దాని నంగీకరింపలేదు. మనము చూపినది భావములలోని సామ్యము. శబ్దములలోని సామ్యము కాదు. గోపన్‌పల్లికి దాపున నున్న తెల్లాపూరును ఈ ‘తెల్ల’కు తగిలించుటకు సైతము మేము సాహసింపము, గ్రామనామముల విచారణ వేఱు.

2. లిపి వలని భేదము

జపానువారి పేర్లు చెవికొకటి, కంటికొకటి. ‘అకిర’ అని పలుకఁబడు పేరును వ్రాయుటకు పెక్కు చీనాలిపిసంకేతములు గలవు. తలిదండ్రులు తమకు నచ్చిన సంకేతము నెన్నుకొందురు. ఒక సంకేతమున సూర్యుఁడును చంద్రుఁడును ప్రక్కప్రక్కన నుందురు. దాని కర్థము వెలుఁగు. మఱొకదాన సూర్యుని క్రింద కాంతిచిహ్న ముండును. ఇంకొకదాన మూఁడు సూర్యచిహ్నములు చేరి స్ఫటికమను నర్థము నిచ్చును. 1926 మొదలు 1989 వఱకు సాగిన షోవా యుగనామమందలి మొదటి సంకేతమును సైతము వ్యక్తినామమున ‘అకిర’ అని చదువుట కలదు. రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన సుజుకి అకిర (2010), యొషినొ అకిర (2019) గార్ల పేర్లు చెవికి ఒక్కటియే, వ్రాఁతలో వేఱు. కాఁబట్టి జపానులో ‘అకిర యనఁగా అర్థమేమి?’ యని యడిగిన, ‘ఏ అకిర?’ యని మరల నడుగుదురు. అయినను వెలుఁగు, స్పష్టత అను భావములు వీనిలో అధికభాగమున కానవచ్చును.

పేర్లకు వాడఁదగిన సంకేతములను ఆ దేశపుచట్టము నిర్ణయించినది. నిత్యవ్యవహారమునకు 2136, పేర్లకు ప్రత్యేకముగా మఱి 863 సంకేతములు అనుమతింపఁబడినవి. పేరును ఎట్లు చదువవలెనో కుటుంబనమోదులో చేర్చు పద్ధతి 2025 మే 26 నుండియే అమలులోనికి వచ్చినది. అంతకుముందు వ్రాఁతయే ఆ నమోదున కెక్కెడిది. ఉచ్చారణ కుటుంబమువారు చెప్పినట్టిది.

అచ్చటను పేరు పెట్టు వేడుక కలదు. శిశువు పుట్టిన ఏడవరాత్రి పేరును కుంచెతో కాగితముపై వ్రాసి ఇంట గోడకు తగిలింతురు. మనము బియ్యముమీఁద వ్రాయుదుము. వారు కాగితముమీఁద వ్రాయుదురు. పేరును పలుకుటతో తృప్తిపడక వ్రాసి చూచుకొను ఆచారము ఇరువురకును సమానము.

3. వ్యాప్తికి కారణములు

ఈ పేరు జపాను వెలుపల ప్రసిద్ధమగుటకు ప్రథమకారకుఁడు చలనచిత్రదర్శకుఁడు కురొసవ అకిర (1910–1998). ఆయన ‘రషొమొన్’ చిత్రము 1950లో వెలువడి, 1951లో వెనిస్ చలనచిత్రోత్సవమున స్వర్ణసింహమును గెలిచినది. ‘ఏడుగురు సమురాయిలు’ 1954 నాఁటిది. జపానులో ఇంటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక వచ్చును. ‘కురొసవ’ అనఁగా నల్లని చిత్తడినేల; ‘అకిర’ అనఁగా వెలుఁగు. ప్రపంచమునకు ఈ పేరును పరిచయము చేసినవాని ఇంటిపేరున చీఁకటియు, వ్యక్తినామమున వెలుఁగును ఉండుట యాదృచ్ఛికమైనను ముచ్చటగొలుపును. రెండవ కారణము ఒతొమొ కత్సుహిరొ 1982లో ఆరంభించిన ‘అకిర’ అను బొమ్మలకథయు, దానినుండి 1988లో తీసిన చలనచిత్రమును. ఇవి పాశ్చాత్యదేశముల యువకులకు ఈ శబ్దమును చిరపరిచిత మొనర్చినవి. అమెరికాలో నేఁడు బాలురకును బాలికలకును ఈ పేరు పెట్టుచున్నారు.

తెలుఁగునాట దీనికి ప్రచారము తెచ్చిన ఉదాహరణము అందఱెఱిఁగినదే. సినీనటులును, 2024లో ఆంధ్రప్రదేశ ఉపముఖ్యమంత్రిపదవిని స్వీకరించినవారును అగు పవన్ కల్యాణ్‌గారి కుమారుఁడు 2004లో జన్మించెను. ఆయన పేరు అకీరా నందన్. హిందీ చలనచిత్రములలో 2012 నాఁటి ‘జబ్ తక్ హై జాన్’ నందొక యువతి పాత్రకును, 2016లో మురుగదాస్ దర్శకత్వమున వెలువడిన ‘అకిరా’ చిత్రమునందలి కథానాయికకును ఇదే పేరు. ఈ రెంటను పేరు స్త్రీలదే యగుట గమనింపఁదగినది.

అయితే ఒక కృతి ప్రసిద్ధి కెక్కినంతమాత్రమున అందలి పేరు ఊరికెక్కదు. తెలుఁగుపిల్లలు దూరదర్శనమున ‘డోరేమాన్’ చూచి నోబితాను ఇంటిబిడ్డవలె ఎఱుఁగుదురు. బిడ్డకు నోబితా యని పేరుపెట్టిన తెలుఁగుకుటుంబము మాకు తారసపడలేదు. కావున పేరు నిలుచుటకు ప్రసిద్ధితోపాటు అది మన నోటికిని, మన ఆచారమునకును ఒదుగవలెను. ‘అకిర’ ఎట్లొదిగినదో ఇఁక చూతము.

4. నోటికిని ఆచారమునకును ఒదుగుట

తెలుఁగు అజంతభాష. జపానుమాటలును అచ్చుతో గాని, నకారధ్వనితో గాని ముగియును. అకిర శబ్దమున సంయుక్తాక్షరము లేదు, మహాప్రాణము లేదు, తెలుఁగున లేని ధ్వని యొక్కటియు లేదు. ఆంగ్లభాషలు మాటలాడువారి నోటను ఇది చెడదు. గోపన్‌పల్లివంటి చోట్ల నివసించు కుటుంబములలో నొక యన్నయో చెల్లెలో విదేశమున నుండుట సాధారణము. అమ్మమ్మ నోటను, విదేశములోని బడిపంతులమ్మ నోటను ఒకేతీరున పలుకు చిన్నపేరు కావలెనను కోరిక వీరి కుండుట సహజము.

ఆచారము సంగతి మఱింత విశేషము. పారస్కరగృహ్యసూత్రము మగశిశువు పేరున రెండో నాలుగో అక్షరము లుండవలెననియు, ఆఁడుశిశువు పేరున బేసి యక్షరము లుండి అది ఆకారాంతము కావలెననియు విధించినది. ‘అకిరా’ మూఁడక్షరముల ఆకారాంతశబ్దము. జపానులో ప్రధానముగా పురుషనామమైన ఈ శబ్దము భారతదేశమున బాలికల పేరగుటకు గల ముఖ్యకారణ మిదియే యని మా యభిప్రాయము. తలిదండ్రులు గృహ్యసూత్రము చదివి పేరు పెట్టిరని మేము చెప్పుట లేదు. ఆ సూత్రము చెప్పిన మర్యాద రాధికా మున్నగు పేర్ల వెంట మన చెవులలో చేరి యున్నది. ‘కమలా’, ‘విమలా’ అనువాని పంక్తిలో ‘అకిరా’ను మన చెవియే కూర్చుండఁబెట్టినది. జపానుభాషలో పదాంతమందలి అకారము స్త్రీత్వసూచకము కాదు. మగబిడ్డకు పెట్టఁదలఁచినవారు ‘నందన్’ వంటి పురుషవాచకమును చేర్చుట కూడ ఈ యూహనే బలపఱచుచున్నది.

మనుస్మృతి ద్వితీయాధ్యాయము స్త్రీనామమునకు సుఖోచ్చారణము, మంగళత్వము, దీర్ఘాంతత్వము మొదలగు లక్షణములతోపాటు స్పష్టమైన యర్థ ముండవలెనని చెప్పుచున్నది. బారసాలనాఁడు పంతులుగారు కోరినది ఈ లక్షణమునే. స్పష్టార్థము కావలెనని యడిగిన పేరునకు అర్థమే ‘స్పష్టము’ అగుట చిత్రము.

5. రెండు దీర్ఘములు

మన పత్రికలలో ఈ పేరు ‘అకీరా’ యనియు, ‘అకిరా’ యనియు కానవచ్చుచున్నది. జపానుమూలమున దీర్ఘము లేదు, మూఁడును హ్రస్వములే. జపానుభాషలో హ్రస్వదీర్ఘభేదము అర్థభేదకము: ‘ఒజిసన్’ అనఁగా మామ లేక పినతండ్రి, ‘ఒజీసన్’ అనఁగా తాత. మన ‘పలు’, ‘పాలు’ వలెనే యని తెలియునది. హ్రస్వదీర్ఘములను పాటించు రెండు భాషలనడుమ ప్రయాణము చేసిన మాటకు ఈ దీర్ఘము లెక్కడివి? అది మనకు నేరుగా రాలేదు. రోమనులిపి మీఁదుగా వచ్చినది. ఆ లిపిలో హ్రస్వదీర్ఘములు సాధారణముగా గుర్తింపఁబడవు. చదువువారు తమకు తోఁచినచోట సాగఁదీయుదురు. కావున ఈ దీర్ఘములు లేఖకుల అజాగ్రత్తచే వచ్చినవి కావు. పేరు వచ్చిన త్రోవకు గుర్తులు. తెలుఁగున స్త్రీవాచకములైన ‘రమా’, ‘సీతా’ శబ్దములు ‘రమ’, ‘సీత’ యగునట్లు, ‘అకిరా’ కూడ ‘అకిర’ యగును. అప్పుడది మరల జపానురూపమునకే చేరును. తెలుఁగువ్యాకరణము ననుసరించినవాఁడు తెలియకయే మూలోచ్చారణమును కాపాడినవాఁడగును.

పేరు వ్రాఁత విషయమున జాగ్రత్త నేఁడు మఱింత యవసరము. 1969 నాఁటి జననమరణముల నమోదు చట్టము ననుసరించి పేరు లేకయే జననమును నమోదుచేసి, పిదప పేరు చేర్పింపవచ్చును. ఆ చట్టమునకు 2023లో జరిగిన సవరణచే జన్మపత్రమునకు బడిప్రవేశము మొదలు పెక్కింట ప్రాధాన్యము పెరిగినది. ఒకమాఱు చేరిన అక్షరము బిడ్డతో చాలదూరము ప్రయాణము చేయును.

6. ‘సంస్కృత’ వ్యుత్పత్తి నిలుచునా?

అకిరా సంస్కృతపద మనియు, దాని యర్థము సుకుమారబల మనియు ఇటీవల ఒక మాట వ్యాపించినది. అమరకోశమున గాని, వ్యవహారమునందున్న సంస్కృతనిఘంటువులలో గాని ఆ యర్థమున అట్టి శబ్దము కానరాదు. పోనిమ్మని వ్యుత్పత్తి కల్పింపఁబూనినచో ఏమగునో చూతము. చల్లుట యను నర్థముగల ‘కౄ’ ధాతువునుండి ‘కిరణ’ శబ్దము పుట్టినది. ‘కిర’ యనఁగా చల్లునది యని చెప్పవచ్చును. నఞ్‌ సమాసమున ‘అకిరా’ యనఁగా చల్లనిది, అనఁగా వెదచల్లనట్టిది. వెలుఁగునకు సరిగా విరుద్ధము! ‘కిర’ శబ్దమునకు పంది యను నర్థము కూడ కలదు. కావ్యములందలి ‘కిరి’ శబ్దమును అధ్యాపకులు ఎఱుఁగుదురు. ఆ త్రోవను పోయినచో ‘పంది కానిది’ యగును. శబ్దము చెవి కింపుగా నున్నంతమాత్రమున సంస్కృతము కాదు; సంస్కృతము చేయఁబూనినంతమాత్రమున గౌరవమును రాదు.

ధ్వనిసామ్యము ప్రమాణము కాదనుటకు మఱియొక నిదర్శనము ‘నఒమి’. ఇది జపానులో ప్రసిద్ధమైన స్త్రీనామము. తెలుఁగు బైబిలునందలి ‘నయోమి’ హీబ్రూపదము. దాని యర్థము మనోహరమైనది. ఈ రెండు పేర్లకును చుట్టఱిక మేమియు లేదు. రెండుచోట్ల రెండు వేళ్లనుండి మొలచి ఒకే యాకు తొడిగినవి.

అన్యభాషానామము నంగీకరించుటకు మనకు సంస్కృతపు ముసుఁగు అక్కఱలేదు. దర్గాలకు మ్రొక్కుకొని హిందూకుటుంబములవారు పెట్టుకొన్న మస్తానయ్య, మస్తానమ్మ, నాగూరయ్య మున్నగు పేర్లు తెలుఁగుపల్లెలలో తరతరములుగా నున్నవి. లెనిన్, స్టాలిన్ అను పేర్లు గల తెలుఁగువారు లేకపోలేదు. మేరీకుమారి యను పేరున రెండు సంప్రదాయములు కలిసి నడచుచున్నవి. వీరెవ్వరును తమ పేరు సంస్కృతమని చెప్పుకొనలేదు. వచ్చినమాటకు ‘అయ్య’యో ‘అమ్మ’యో చేర్చి ఇంటిలోనికి తెచ్చుకొనిరి. ‘అకీరా నందన్’ అనుటయు ఆ పద్ధతియే. చేర్చిన మాట మాత్రము తెలుఁగునకు బదులు సంస్కృతము.

7. ఫలితాంశములు

ఇంతవఱకు చేసిన విచారణచే తేలిన యంశములివి. అకిర జపానుపదము, వెలుఁగు, స్పష్టత దాని ప్రధానార్థములు, మూలమున అది అధికముగా పురుషనామము, చలనచిత్రములద్వారా ప్రపంచమునకును, రోమనులిపిద్వారా మనకును వచ్చినది, ఆకారాంతమగుటచే మనలో స్త్రీనామమైనది, సంస్కృతవ్యుత్పత్తి నిరాధారము. పరిశోధకవిద్యార్థులు ఇట్టి పేర్లను సేకరించునపుడు పేరుతోపాటు మూఁడు సంగతులు గుర్తింపవలెనని మా సూచన: ఇంటివారు పలుకు తీరు, పత్రములలో వ్రాయు తీరు, పేరు పెట్టినవారు దానికి చెప్పు నర్థము. ఈ మూఁడింటి నడుమ గల దూరమే నామశాస్త్రమునకు ముఖ్యసామగ్రి. మూఁడవదానిని తప్పైనను వ్రాసికొనవలెను. తప్పర్థములకును చరిత్ర కలదు.

ఈ సంగతులనన్నిటిని వ్రాసికొని మేము గోపన్‌పల్లికి మరల వెళ్లితిమి. జపానుమాట యని తెలిసి తలిదండ్రులు కొంచెము చిన్నఁబోయిరి. అర్థము విని ఊఱడిల్లిరి. పంతులుగారు తెల్లవాఱు, తెలివి, తెల్లము అను మాటలను రెండుమాఱులు తమలో తాము అనుకొని, “అయితే ఇది మన ప్రకాశమే కదండీ” అనిరి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి కాలమున పుట్టిన ఎందఱో బాలురకు ఆ పేరు పెట్టుటను వారెఱుఁగుదురు. కృత్తికకు అధిదేవత అగ్ని యనియు, ఆ నక్షత్రమున పుట్టిన బిడ్డకు వెలుఁగుపేరు తగుననియు కూడ వారే చెప్పిరి. ఆ మాట మాకు తోఁచియుండలేదు.

మఱునాఁడు జన్మపత్రపుదరఖాస్తులో తెలుఁగున ‘అకిర’ యని, దీర్ఘములు లేకుండ, పంతులుగారే తమ చేతితో వ్రాసిరి.